మొక్క ఏపుగా ఉంది, పువ్వే లేదు: బహువార్షిక పూల మొక్కలను బాగా పూయించడానికి సమగ్ర మార్గదర్శి

ఆకులు నిగనిగలాడుతున్నాయి, కొమ్మలు నడుం ఎత్తు దాటాయి, పువ్వు మాత్రం లేదు. ఇలాంటప్పుడు అందరూ మొదట అడిగేది "ఏ ఎరువు వేయాలి?" అనే. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఆకు అంత బాగా వచ్చిందంటే తిండి అందుతూనే ఉందన్నమాట. లోపం ఇంకెక్కడో ఉంది. ఎండ చాలక కావచ్చు, కత్తెర కానివేళ పడి ఉండవచ్చు, రాత్రంతా పక్కనే లైటు వెలుగుతూ ఉండవచ్చు, వేళ్లకు చోటు చాలకపోవచ్చు, మొగ్గలో పురుగు దూరి ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ఎరువుతో తీరేది కాదు.

బంతి, జీనియా లాంటి ఒక సీజన్ మొక్కల సంగతి వేరు. వాటికి ఉన్నది ఒక్కటే అవకాశం కాబట్టి ఎలాగోలా పూసి, గింజ కట్టి పోతాయి. గులాబీ, మందారం, మల్లె, చామంతి, బోగన్‌విల్లా, నూరు వరహాలు, డే లిల్లీ, ఐరిస్, హైడ్రేంజియా లాంటి బహువార్షిక మొక్కలకు ఆ తొందర లేదు. పరిస్థితి నచ్చకపోతే ఈ ఏటికి పూత వాయిదా వేసుకుని, ఆకులూ వేళ్లూ పెంచుకుంటూ కూర్చుంటాయి. ఆ వాయిదాకు కారణమేంటో కనిపెట్టి దాన్ని తీసేయడమే మన పని. తప్పు ఎక్కువగా ఎక్కడ దొరుకుతుందో అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. మొగ్గ ఎక్కడ పుడుతుందో కనుక్కోండి

"గట్టిగా కత్తిరించండి, విరగబూస్తుంది" అని ఒకరంటారు. "కత్తిరించాను, ఆ ఏడు ఒక్క పువ్వూ రాలేదు" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ల మొక్కలు వేరు, అంతే.

కొన్ని మొక్కలు కొత్త చిగురు మీద పూస్తాయి. ఏడాదిలో పలుమార్లు పూసే గులాబీలు, మందారం, గుండుమల్లె, బోగన్‌విల్లా, నూరు వరహాలు ఈ కోవలోవి. వీటిని కత్తిరిస్తే కొత్త రెమ్మలు లేస్తాయి, ఆ రెమ్మల మీదే పూలు వస్తాయి. ఎన్ని కొత్త కొసలు ఉంటే అంత పూత.

ఇంకొన్ని, పోయిన సీజన్లో పెరిగిన కొమ్మ మీదే పూస్తాయి. వెడల్పాటి ఆకుల హైడ్రేంజియా, అజేలియా, లైలాక్, ఏడాదికి ఒక్కసారే పూసే తీగ గులాబీలు ఇలాంటివి. ఇవి ఒక పూత ముగిసిన కొన్ని నెలలకే వచ్చే ఏటి మొగ్గను కొమ్మలో దాచుకుంటాయి. చలికాలంలో ఆ కొమ్మ మోడులా కనిపిస్తుంది. కాస్త శుభ్రం చేద్దామని కత్తెర పట్టుకుంటే పోయేది మోడు కాదు, రాబోయే పూతంతా. వీటి కత్తిరింపు పూలు వాడిపోయిన రెండు మూడు వారాల్లోనే ముగించాలి. హైడ్రేంజియాలో కూడా అన్ని రకాలూ ఒకటి కావు. పొడవాటి గుత్తులు వేసే పానిక్యులేటా రకం కొత్త కొమ్మ మీద పూస్తుంది, దాన్ని చలికాలం చివర నిక్షేపంగా కత్తిరించుకోవచ్చు.

మూడో రకం నేలలోంచి కొత్తగా లేస్తూ ఉండేవి: చామంతి, డే లిల్లీ, ఐరిస్, కానా, అగపాంథస్. వీటికి కత్తిరింపు కన్నా కుదురు విడదీయడం ముఖ్యం. దాని గురించి తర్వాత చెప్తాను.

మీ మొక్క ఏ రకమో తెలియకపోతే, పూసినప్పుడు ఆ పువ్వు నిలబడ్డ కాడను పట్టుకుని చూడండి. కాడ పచ్చగా, లేతగా, వంచితే వంగేలా ఉంటే అది చాలావరకు కొత్త చిగురు మీది పూత (హైడ్రేంజియాకు మాత్రం ఈ గుర్తు పనికిరాదు). బెరడు కట్టిన గోధుమరంగు కొమ్మలోంచి పొట్టి కాడతో పువ్వు బయటికొస్తే పాత కొమ్మ మీదిది. పూత చూసే అవకాశమే రాని మొక్క అయితే ఒక ఏడాది కత్తెర ముట్టించకుండా వదిలేయండి. చాలాసార్లు ఆ పని ఒక్కటే సరిపోతుంది.

ఇక్కడే ఇంకో మాట. పియొనీ, లైలాక్ లాంటి కొన్ని మొక్కలకు చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగలాలి. ఆ చలి లోపలి గడియారాన్ని కదిపితేనే మొగ్గ తెరుచుకుంటుంది. చలి పడని ప్రాంతంలో వాటిని ఎంత ముద్దుగా పెంచినా ఆకులతోనే సరిపెట్టుకోవాలి. ఫొటో చూసి మనసు పడి మొక్క తెచ్చుకునే ముందు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకుంటే ఏళ్ల నిరీక్షణ తప్పుతుంది.

2. ఎండను అంచనా వేయకండి, లెక్కపెట్టండి

"మా ఇంట్లో ఎండ బాగానే పడుతుంది" అనే మాటను నమ్మకండి, అది మీరే అన్నా సరే. మన కంటికి వెలుతురుగా కనిపించే చోటు మొక్కకు చీకటి గది కావచ్చు. సెలవురోజు చూసుకుని ఉదయం నుంచి సాయంత్రం వరకూ గంటకోసారి వెళ్లి, ఆ మొక్క ఆకుల మీద నేరుగా ఎండ పడుతోందా లేదా అన్నది రాసుకోండి. గులాబీ, మందారం, బోగన్‌విల్లా, చామంతి, మల్లెలకు కనీసం 6 గంటల నేరు ఎండ ఉండాలి. 4 గంటలే ఉంటే పూస్తాయి గానీ పొదుపుగా పూస్తాయి. అంతకన్నా తక్కువైతే ఆకులే. అజేలియా, హైడ్రేంజియాలకు ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ ఉంటే చాలు. నడి ఎండలో వాటి రేకులు మాడిపోతాయి.

ఎండ చాలలేదని మొక్క కూడా చెబుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది, ఆకులు వెడల్పుగా పల్చగా అవుతాయి, మొక్క మొత్తం ఒక పక్కకు వాలుతుంది. నాలుగైదేళ్ల కిందట బాగా పూసి ఇప్పుడు మానేసిన మొక్క అయితే తల పైకెత్తి చూడండి. ఈలోగా పక్క చెట్టు ఎదిగి ఉంటుంది, లేదా కొత్త గోడ లేచి ఉంటుంది. సూర్యుడి దారి కూడా కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఎండాకాలపు లెక్క చలికాలానికి పనికిరాదు. చోటు మార్చాల్సి వస్తే నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా నడి ఎండలో పెట్టొద్దు. పది రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి, లేకపోతే ఆకులు కాలిపోతాయి.

చామంతికి పగటి ఎండ ఎంత అవసరమో రాత్రి చీకటి అంతకన్నా అవసరం. రాత్రి పొడవు ఒక హద్దు దాటితేనే దానికి మొగ్గ కట్టాలని తెలుస్తుంది. మొక్కలు పగలూ రాత్రీ పొడవును బట్టి పూతకాలం నిర్ణయించుకుంటాయని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ 1920లో వెల్లడించారు. ఇప్పుడు చామంతి సాగంతా ఆ సూత్రం మీదే నడుస్తోంది. పూత ఆలస్యం కావాలంటే రైతులు రాత్రిపూట తోటలో లైట్లు వేస్తారు, ముందుగా కావాలంటే సాయంత్రమే నల్లటి గుడ్డ కప్పుతారు. మన పెరట్లో మనకు తెలియకుండా జరిగేది ఇందులో మొదటిదే. వీధి దీపం కిందో, తెల్లవార్లూ వెలిగే వరండా బల్బు పక్కనో ఉన్న చామంతి రాత్రి వచ్చిందని గుర్తించదు. కుండీని చీకటి మూలకు మార్చండి. కుదరకపోతే సాయంత్రం 6 నుంచి ఉదయం 7 వరకూ అట్టపెట్టె బోర్లించండి, మొగ్గలు స్పష్టంగా కనబడే వరకూ రోజూ అలాగే. క్రిస్మస్ పువ్వుగా పిలిచే పాయిన్సెట్టియాకూ ఇదే చిట్కా.

3. వేళ్ల సంగతి

నేలలో నాటిన మొక్క అయితే ముందు నీరు ఇంకుతోందో లేదో చూడాలి. అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. ఈ రెండోసారి గంటకు అంగుళమైనా దిగాలి. మర్నాటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే ఆ చోట వేళ్లకు గాలి ఆడదు. అక్కడి మట్టిని మార్చే కన్నా అడుగు ఎత్తు మడి కట్టి అందులో నాటడం తేలిక.

లోతు కూడా చాలామంది పట్టించుకోని విషయం. గడ్డపు ఐరిస్ (రేకుల మీద గడ్డంలా నూగు ఉండే రకం) దుంప వీపు ఎండకు కనబడుతూ ఉండాలి. మట్టితో పూర్తిగా కప్పేస్తే పూయదు, పైగా కుళ్లుతుంది. పియొనీ గడ్డ మీది ఎర్రటి కళ్లు, అంటే చిగుర్లు పుట్టే చోట్లు, నేలకు 5 సెంటీమీటర్ల కన్నా లోతుకు పోతే ఏళ్ల తరబడి ఆకులే వేస్తుంది. ఏటా పైన కంపోస్టు పరుస్తూ పోతే సరిగ్గా నాటిన గడ్డ కూడా క్రమంగా లోతుకు వెళ్లిపోతుంది. ఒకప్పుడు పూసి తర్వాత మొరాయించిన పియొనీలలో కొన్నింటి కథ ఇదే.

అంటు గులాబీకి ఇంకో చిక్కు ఉంది. అంటు కట్టిన చోటు కింది నుంచి, లేదా నేలలోంచే, ఒక రెమ్మ ఉవ్వెత్తున లేస్తుంది. చూడ్డానికి భలే బలంగా ఉంటుంది కాబట్టి సంబరపడతాం. అది మనం కొన్న గులాబీ కాదు, కింద వేరు కోసం వాడిన అడవి రకం. నాలుగు నెలలు ఊరుకుంటే పై మొక్కకు తిండి లేకుండా చేసి తానే మొక్క అయిపోతుంది. ఆకు తీరు, ముళ్ల తీరు పై కొమ్మలతో పోల్చి చూడండి. అనుమానం వస్తే మట్టి తవ్వి ఆ రెమ్మ పుట్టిన చోటు వరకూ వెళ్లి, మొదలంటా లాగి పీకేయండి. పైపైన కత్తిరిస్తే ఒకటి పోయి మూడు వస్తాయి.

కుండీ మొక్కల విషయంలో, పోసిన నీళ్లు పోసినట్టే అడుగు నుంచి కారిపోతున్నా, చిల్లులోంచి వేళ్లు వేలాడుతున్నా మార్చే సమయం వచ్చినట్టే. కొత్త కుండీ పాతదాని కన్నా రెండంగుళాలు పెద్దదైతే చాలు. మరీ పెద్ద కుండీలో పెడితే అదంతా నిండే వరకూ మొక్క వేళ్లు పెంచుకునే పనిలోనే ఉంటుంది. బోగన్‌విల్లా, అగపాంథస్ అయితే వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే బాగా పూస్తాయి, వాటి జోలికి తొందరపడి వెళ్లకండి. మందారం అలా కాదు, ఇరుకును అసలు ఓర్చుకోదు.

4. నీళ్లు

రోజూ కాసిని నీళ్లు చిలకరించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పైన అంగుళం మట్టి తడుస్తుంది, వేళ్లన్నీ అక్కడికే చేరతాయి, ఒక్కరోజు ఎండ ముదిరినా మొక్క మొగ్గ రాల్చేస్తుంది. వేలిని రెండంగుళాలు మట్టిలోకి గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్లు పెట్టండి, పెట్టినప్పుడు అడుగు దాకా దిగేలా పెట్టండి. ఆకుల మీద కాకుండా మొదట్లో పోస్తే గులాబీకి నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులో గడ్డో పరిచి, కాండానికి మాత్రం తగలకుండా కాస్త ఖాళీ వదిలితే తడి నిలకడగా ఉంటుంది.

బోగన్‌విల్లాకు మాత్రం కాస్త కరువు చూపించాలి. నీళ్లు పుష్కలంగా అందితే అది ముళ్లూ ఆకులూ పెంచుకుంటూ పోతుంది. బాగా ఎండ పడే చోట పెట్టి, ఆకులు కొంచెం వాలే వరకూ నీళ్లు ఆపి, అప్పుడు తక్కువగా తడపండి. ఇలా నాలుగైదు వారాలు చేస్తే కొసల్లో రంగు తిరుగుతుంది. మనం పువ్వు అనుకునే ఆ రంగు కాగితాలు నిజానికి ఆకులే, అసలు పువ్వు వాటి మధ్యలో తెల్లగా సన్నగా ఉంటుంది. రంగు కనబడగానే నీళ్లు మామూలుగా పెట్టాలి. ఇక్కడ కూడా పొదుపు చేస్తే ఆ కాగితాలు తొందరగా రాలిపోతాయి.

గుండుమల్లెకూ ఇలాంటి విశ్రాంతే. చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు ఆపి, తర్వాత నేల నుంచి అర మీటరు ఎత్తులో కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేసి, అప్పుడు ఎరువు వేసి నీళ్లు పెడతారు. ఎండలు మొదలయ్యే సరికి చెట్టంతా కొత్త రెమ్మలతో నిండుతుంది.

ఏ మొక్కకైనా మొగ్గలు కనబడ్డాక మాత్రం నీళ్ల విషయంలో ప్రయోగాలు వద్దు. ఒకరోజు ఎండబెట్టి మరుసటిరోజు ముంచెత్తితే మొగ్గలు పసుపెక్కి రాలతాయి.

5. ఇప్పుడు ఎరువు

ఎరువు సంచి మీద ఉండే మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. నత్రజని ఆకును పెంచుతుంది. యూరియా, పచ్చి పశువుల ఎరువు, గడ్డి లాన్‌కు వేసే మందు, ఇవి మోతాదు మించితే మొక్క పూత మాటే ఎత్తదు. లాన్ పక్కనే ఉన్న గులాబీ పూయకపోతే ముందు లాన్‌కు ఏం వేస్తున్నారో చూడండి.

"పూతకు భాస్వరం" అనే మాట విని గుప్పెళ్లకొద్దీ వేసేవాళ్లూ ఉన్నారు. భాస్వరం నేలలో కదలదు, ఏటికేడు పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ ఇనుము, జింకు వేరుకు అందకుండా అడ్డుపడుతుంది. మందారానికి ఎక్కువ భాస్వరం అసలు పడదు. దానికి పొటాష్ ఎక్కువ, భాస్వరం తక్కువ ఉన్న ఎరువే మంచిది. ఎముకల పొడి కూడా కాస్త ఆమ్లగుణం ఉన్న నేలలోనే కరిగి పనికొస్తుంది. సున్నపు నేలలో వేస్తే ఉన్నచోటే పడి ఉంటుంది.

అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు, గుడ్డు పెంకుల పొడి, టీ పొడి లాంటివాటి గురించి కూడా చెప్పాలి. ఇవి పోసినందువల్ల నష్టం లేదు గానీ అద్భుతాలూ జరగవు. తొక్కలోని పొటాష్‌లో కొంత నీళ్లలోకి దిగుతుంది, అంతే. వాటన్నిటినీ కలిపి కంపోస్టు చేసి వేయండి, అదే వాటికి సరైన దారి. ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కూడా మెగ్నీషియం లోపం ఉన్నప్పుడే పనిచేస్తుంది. ముదురు ఆకుల్లో ఒక ఈనెకీ ఇంకో ఈనెకీ మధ్య భాగం పసుపెక్కితే అది మెగ్నీషియం లోపం కావచ్చు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం, నూరు వరహాల్లో తరచూ కనిపిస్తుంది. నేలలో ఇనుము ఉన్నా సున్నం ఎక్కువైతే వేరు తీసుకోలేదు. అలాంటప్పుడు చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలోని ఇనుము) పిచికారీ చేసి, నేలలో కంపోస్టు పెంచాలి.

నేను పాటించే పద్ధతి ఇది. నేలలోని మొక్కకు ఏడాదికి రెండుసార్లు, కత్తిరింపు తర్వాత ఒకసారి, పూత మధ్యలో ఒకసారి, బాగా మాగిన కంపోస్టు రెండు మూడు దోసిళ్లు మొదలుకు దూరంగా చుట్టూ వేసి కలుపుతాను. కుండీల్లో పోషకాలు నీళ్లతో కొట్టుకుపోతాయి కాబట్టి, చిగురు పెరిగే కాలంలో పదిహేను రోజులకోసారి, పూల మొక్కల ఎరువును ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో సగం మోతాదులో కలిపి పోస్తాను. ఎండిన మట్టిలో మాత్రం పోయను, ముందు మామూలు నీళ్లు, ఆ తర్వాతే ఎరువు నీళ్లు. మట్టి పైన తెల్లటి పొర కడితే లవణాలు పేరుకున్నట్టు; అడుగు నుంచి ధారగా కారేంత మంచినీళ్లు పోసి కడిగేయాలి. మొక్క నిద్రావస్థలో ఉన్నప్పుడూ, తెగులుతో నీరసించినప్పుడూ ఎరువు జోలికి పోవద్దు.

6. కత్తెర, గోరు

గులాబీతో మొదలుపెడదాం. వాడిన పువ్వు నుంచి కాడ వెంట కిందికి రండి. మొదట మూడు చిన్నాకులున్న రెమ్మాకు వస్తుంది, ఆ కింద అయిదు చిన్నాకులది. అయిదింటి రెమ్మాకు కాడకు అతుక్కున్న చోట గమనిస్తే ఎర్రటి చుక్కలా ఒక కన్ను కనబడుతుంది. ఆ కన్ను మొక్క మధ్యలోకి కాకుండా బయటి వైపుకు చూస్తూ ఉండాలి. దానికి అర సెంటీమీటరు పైన, నీళ్లు కన్ను మీదికి కాక అవతలికి జారేలా ఏటవాలుగా కత్తిరించండి. లోపలి వైపు కన్నయితే ఇంకో ఆకు కిందికి దిగండి. కొత్త రెమ్మ ఆ కన్ను చూసిన దిక్కుకే వెళ్తుంది, మధ్యలో గాలీ వెలుతురూ ఆడతాయి. కొత్తగా నాటిన గులాబీకి మాత్రం ఇంత కిందికి కోయకండి. దానికి ప్రతి ఆకూ అవసరమే, ఎండిన పువ్వును మాత్రమే తుంచండి. ఏడాదికి ఒకసారి, చలికాలం చివర, ఎండిన కొమ్మలూ ఒకదానికొకటి రాసుకునే కొమ్మలూ తీసేసి మొక్కను సగం ఎత్తుకు దించవచ్చు.

వాడిన పువ్వు తుంచడం అందం కోసమే అనుకోకండి. పువ్వు కాయగా మారితే మొక్క బలమంతా గింజకు పోతుంది, ఇక కొత్త మొగ్గలతో దానికి పనిలేదు. గింజ కట్టకుండా అడ్డుపడితే మళ్లీ పూస్తుంది. మందారం పువ్వు ఒక్కరోజుది, చాలా రకాల్లో కాయ కట్టకుండా దానంతటదే రాలిపోతుంది కాబట్టి ఈ పని అక్కర్లేదు. డే లిల్లీలో రోజుకో పువ్వు వాడుతుంది. కాడ మీది మొగ్గలన్నీ అయ్యాక కాడను మొదలంటా కోస్తే చాలు.

చామంతికి కత్తెరతో పనిలేదు, గోరు చాలు. మొక్క జానెడు ఎత్తుకు రాగానే కొసన ఉన్న లేత చిగురును, ఇంకా పూర్తిగా విప్పుకోని రెండాకులతో సహా గిల్లేయండి. వారం పది రోజుల్లో కింది ఆకుల మొదళ్ల నుంచి రెండు మూడు రెమ్మలు బయల్దేరతాయి. అవి నాలుగంగుళాలు పెరిగాక వాటి కొసలూ గిల్లండి. ఇలా చేస్తే ఒక్క కాడ మొక్క గుబురుగా తయారవుతుంది. ఎప్పుడు ఆపాలన్నదే అసలు కిటుకు. పూలు కావలసిన సమయానికి మూడు నెలల ముందు నుంచి గిల్లకూడదు, గిల్లితే మొగ్గే పోతుంది. పెద్ద పువ్వు కావాలంటే ఒక్కో కాడకు చివరి మొగ్గను ఉంచి పక్క మొగ్గలను శనగగింజంత ఉన్నప్పుడే తీసేయాలి. చిన్న పూలు గుత్తులుగా కావాలంటే అలా వదిలేయడమే.

తీగ గులాబీ గోడ పైకి ఎక్కి కొసన మాత్రమే పూస్తుంటే దాన్ని కత్తిరించకండి, వంచండి. నిటారు కొమ్మలో కొస చిగురు కింది కళ్లన్నిటినీ అణిచిపెట్టి ఉంచుతుంది. అదే కొమ్మను నేలకు సమాంతరంగా వంచి కట్టేస్తే ఆ పెత్తనం పోతుంది, కొమ్మ పొడవునా ప్రతి కణుపు నుంచీ ఒక పొట్టి రెమ్మ నిలువుగా లేచి పూస్తుంది. లేత కొమ్మలనే వంచాలి, ఒక్కరోజులో కాకుండా వారానికి కొంచెం చొప్పున వంచుతూ మెత్తటి తాడుతో కట్టాలి. ఈ జాబితాలో ఖర్చు లేకుండా ఇంతగా ఫలితమిచ్చే పని ఇంకోటి నాకు తెలియదు.

మందారాన్ని పూత తగ్గిన కాలంలో మూడో వంతు తగ్గించండి. అన్ని కొమ్మలనూ ఒకేసారి కోస్తే రెండు మూడు నెలలు పూలుండవు. నెలకు కొన్ని కొమ్మల చొప్పున కోస్తే పూత పూర్తిగా ఆగదు.

7. కుదురు విడదీయడం

నేలలోంచి లేచే మొక్కలు ఏళ్లు గడిచే కొద్దీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చుట్టూ ఆకులు దట్టంగా, మధ్యలో బోడిగా కనబడితే, పూలు ఏటికేడు తగ్గుతుంటే ఇక తవ్వాల్సిందే. డే లిల్లీని మూడు నుంచి అయిదేళ్లకోసారి, గడ్డపు ఐరిస్‌ను మూడు నాలుగేళ్లకోసారి పూత అయ్యాక విడదీయాలి. చామంతిని ఏటా చేసినా మంచిదే: పూత అయిన పాత కాడను నేల మట్టానికి కోసేసి, చుట్టూ వచ్చిన పిలకలను వేళ్లతో సహా తీసి నాటండి, ముదిరిన మధ్య భాగాన్ని కంపోస్టులో వేయండి. మిగతావాటికి లెక్క తేలికే. వసంతంలో పూసేదాన్ని శరత్తులో, శరత్తులో పూసేదాన్ని వసంతంలో విడదీయాలి. పియొనీని మాత్రం కదపకండి. దాన్ని ఉన్నచోట ఉంచితే దశాబ్దాలపాటు పూస్తుంది, కదిపితే రెండు మూడేళ్లు అలుగుతుంది.

8. మొగ్గ వచ్చి రాలిపోతుంటే

ఇది పూయకపోవడం కన్నా వేరే సమస్య. మొక్క తన పని చేసింది, మధ్యలో ఎవరో అడ్డుపడ్డారు. రాలిన మొగ్గను పారేయకుండా చేతిలోకి తీసుకుని గోటితో నిలువునా చీల్చండి. మందారం మొగ్గ మొదట్లో పసుపు తిరిగి రాలితే, చీల్చినప్పుడు లోపల సన్నటి తెల్లని లేదా లేత నారింజ రంగు పురుగులు కదులుతూ కనబడవచ్చు. చిన్న ఈగ ఒకటి మొగ్గలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు మొగ్గను లోపలి నుంచి తిని, రాలాక మట్టిలో దిగి మళ్లీ ఈగలై వస్తాయి. లోపల దాక్కున్న పురుగును పైన కొట్టే మందు చేరదు. రాలిన మొగ్గలతో పాటు చెట్టు మీద పసుపెక్కినవీ రోజూ ఏరి, ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి ఎండలో పెట్టాలి. నెల రోజులు వదలకుండా చేస్తే ఆ చక్రం తెగుతుంది. చీల్చితే లోపల ఏమీ లేకపోతే కారణం నీళ్ల హెచ్చుతగ్గులో, వేడిగాలో, కుండీ చోటు మార్చడమో అయి ఉంటుంది. ముద్ద మందారాలకు, అంటే రేకులు ఎక్కువున్న రకాలకు, ఈ అలక మరీ ఎక్కువ.

గులాబీ మొగ్గ అంచులు గోధుమరంగుకు తిరిగి విచ్చుకోకుండా ఉండిపోతే తామర పురుగులను అనుమానించండి. తెల్ల కాగితం మీద మొగ్గను తట్టితే కామా అంత సన్నటి పురుగులు పరిగెత్తుతాయి. పాడైన మొగ్గలు కోసేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ వారానికోసారి కొట్టండి. పేనుబంకకైతే ముందు నీటిధారతో గట్టిగా కొట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. పిండినల్లిని బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి తుడవాలి. మల్లె మొగ్గలు ఊదారంగుకు మారి గూడులా దారాలతో అల్లుకుపోతే అది మొగ్గ తొలిచే పురుగు. ఆ గుత్తినంతా తుంచి నాశనం చేయాలి.

9. ఎంతకాలం ఆగాలి

ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. చోటు మార్చి, కత్తిరించి, ఎరువు వేసి, కుండీ మార్చి, అన్నీ ఒకే వారంలో చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మొక్కకూ దెబ్బ. గులాబీ కత్తిరించాక 6 నుంచి 8 వారాల్లో పూస్తుంది. మందారానికి రెండు మూడు నెలలు పడుతుంది. చామంతికి పొడవాటి రాత్రులు మొదలయ్యాక రకాన్ని బట్టి 7 నుంచి 12 వారాలు కావాలి. పాత కొమ్మ మీద పూసేవాటికి ఇవాళ సరిదిద్దిన తప్పు ఫలితం వచ్చే ఏడే కనబడుతుంది. చోటు మార్చిన పియొనీకీ, గింజ నుంచి పెంచిన అగపాంథస్‌కూ మూడేళ్లయినా ఓపిక పట్టక తప్పదు.

అన్నీ సరిచేసి, దాని గడువు కూడా ఇచ్చాక ఇంకా పూయకపోతే ఆ మొక్కను తీసేయడానికి మొహమాటపడకండి. గింజ నుంచి వచ్చిన మొక్కల్లో కొన్ని పూత వయసుకు రావడానికే ఏళ్లు తీసుకుంటాయి, కొన్ని తల్లి మొక్క గుణం లేకుండానే పుడతాయి. ఆ చోట కొత్తది పెట్టేటప్పుడు, బాగా పూస్తున్న మొక్క నుంచి తీసిన కొమ్మో, అంటో, పిలకో తెచ్చుకోండి. కొనేదైతే పూలతో ఉన్న మొక్కనే ఏరుకోండి. పువ్వు ఒక్కటే ఉండి మొగ్గలు నాలుగైదు ఉన్నది, నిండా విచ్చుకున్న దానికన్నా మేలు. ఇంటికి తెచ్చాక పది రోజులు దాని మానాన దాన్ని వదిలేసి, ఆ తర్వాతే కుండీ మార్చండి.